తడి వల

గ్రిమ్స్‌బీ ఊళ్ళో ఫ్రీమన్ స్ట్రీట్,
చిప్స్ దుకాణం మీద మా మేడగది.
గురువారాలు ఏడుగురం, వాన కురిస్తే అయిదుగురం.
కుర్చీలు ఆరే.
ఏడో మనిషి మెట్లెక్కుతుంటే
సంతోషమూ, కాస్త ఇబ్బందీ.
కింద మరిగే నూనె వాసన
నేలచెక్కల సందుల్లోంచి మా ప్రార్థనలోకి ఎక్కొస్తుంది.
నా చేతులకి అంతకు ముందే హాడక్ వాసన.
తెల్లవారుజాము అయిదు నుంచి రెండింటి దాకా
ముల్లు వేరు, కండ వేరు చేసి వచ్చిన చేతులు.
నిమ్మచెక్కతో రుద్దినా వదలదు.
ఈ చేతులతో వాక్యం ముట్టుకోవడానికి
మొదట్లో సిగ్గుపడేదాన్ని.
తర్వాత్తర్వాత అనిపించింది,
మొదట పిలిచిన నలుగురూ ఇదే వాసన కదా,
ఆయన ముక్కు మూసుకోలేదు కదా అని.

ఆ వారం చదువు సరస్సు ఒడ్డున.
ఓబద్యా గారు గొంతు సవరించుకున్నారు.
పిలిచాడు. వెంటనే వదిలేశారు. వెంట వెళ్ళారు.
వెంటనే, వెంట.
ఆ రెంటి మధ్య ఊపిరి తీసుకునే చోటు కూడా లేదు.
ఆయన విశ్వాసం గురించి చెబుతున్నారు,
నేను అలవాటుగా తలూపుతున్నాను.
మౌరీన్ మాత్రం,
డెబ్బై తొమ్మిదేళ్ళ మౌరీన్,
సుగుణమణి చెవిలో చెబితే సగం సగం వినే మౌరీన్,
బడిపిల్లలా చెయ్యెత్తింది.
"మరి ఆ వల ఎవరు తీశారు?"

ఎవరమూ మాట్లాడలేదు.

"తడి వల ఒడ్డున పారేసి పోతే కుళ్ళిపోతుంది.
ఎవరో ఒకరు ఎత్తి ఆరేసే ఉంటారు."

వాళ్ళమ్మ ఈ ఊళ్ళోనే వలలు అల్లేదట.
పెరటి తలుపు కొక్కేనికి తాడు తగిలించి,
చంకలో బిడ్డ, నోట్లో సూది,
వలకింతని కూలి.
మగవాళ్ళు ఐస్‌లాండ్ నీళ్ళకి మూడేసి వారాలు పోతే
వీధి వీధంతా ముడులు వేస్తూ ఉండేదట.
తిరిగి రాని పడవలోనూ
ఈ వీధి అల్లిన వలే ఉండేదట.

మా అమ్మ నిజాంపట్నం రేవులో చేపల గంప మోసింది.
ఆమె ఉన్నా ఇదే అడిగేది, ఇంకాస్త గట్టిగా.
పడవలో కూలివాళ్ళతో మిగిలిపోయిన జెబెదయి
ఆ సాయంత్రం ఏం చేశాడు?
సీమోను పెళ్ళాం పేరేమిటి?
అత్తగారికి జ్వరమని రాశారు,
ఆమెకీ పేరు రాయలేదు.
చెయ్యి పట్టుకున్నాడు, జ్వరం దిగింది,
లేచి అందరికీ వడ్డించింది.
"అరగంటైనా పడుకోనివ్వలేదా?" అంది మౌరీన్.
సుగుణమణి నవ్వాపుకోలేక టీ ఒలకబోసింది,
ఓబద్యా గారి ప్యాంటు మీద.

కోప్పడతారనుకున్నాను.
ఆయన కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకుని
"నాకు తెలియదమ్మా" అన్నారు.
పాస్టరు నోట ఆ మాట
నేను అంతకు ముందెప్పుడూ వినలేదు.

ఇంటికి నడుస్తూ ఆ అత్తగారి గురించే ఆలోచించాను.
పొద్దు గుంకేసరికి ఊరంతా ఆమె గుమ్మం ముందే.
కుంటివాళ్ళు, మూర్ఛరోగులు, ఊరికే చూడవచ్చినవాళ్ళు.
నలుగురికని ఎక్కించిన ఎసరు
ఎందరికి సరిపెట్టిందో.
అల్లుడు దేశం పట్టిపోయాడు, సరే.
వాకిట్లో ఆ వల,
పొయ్యి మీద ఆ కుండ,
ఎవరో ఒకరు తలుపు తడుతూనే ఉంటారు.
కదలకుండా కూడా వెంబడించవచ్చేమో.
ఏమో, మర్నాడు మళ్ళీ అయిదింటికి లేవాలి,
ఎక్కువ ఆలోచించలేదు.

ఆ రాత్రి వెళ్ళేముందు మౌరీన్
కర్టెన్ తాడు లాగి మాకు ముడి చూపించింది.
ఇలా పైనుంచి, వేలు చుట్టి, కిందకి బిగించి.
అరవై ఏళ్ళయిందట వేసి.
వేళ్ళకి గుర్తుంది.

ఇప్పుడు మౌరీన్ తుంటి విరిగి
హల్‌లో కూతురి దగ్గర ఉంటోంది.
తాడు జానెడు పొట్టిదైంది,
కర్టెన్ పూర్తిగా మూసుకోదు,
వీధిదీపం వచ్చి ఆమె కుర్చీలో కూర్చుంటుంది.
ఆ ముడి విప్పబోయారు ఓబద్యా గారు ఒకసారి.
గోరు విరిగింది.