చేతి కొలత

ఆదోని పత్తి యార్డు గేటు పక్కన
గోనెపట్ట నీడ కింద
నలభై ఏండ్లుగా నా ముందరికి
కాళ్లే వచ్చినాయి.

దుమ్ము కాళ్లు, సాక్సుల కాళ్లు,
పెండ్లికి తొందరపడే కాళ్లు,
ఒక చెప్పు నాకిచ్చి
కొంగ మాదిరి నిలబడే కాళ్లు.
మొగాలు పైన యాడో ఉంటాయి.
చిల్లర పైనుంచి రాలుతుంది.

ఆ పొద్దు హమాలీ ఉరుకుందు వచ్చి
గొంతుక్కూర్చుని
చెయ్యి చాపినాడు.
"మణికట్టు పట్టు తప్పింది సుంకన్నా.
బేలు ఎత్తితే లోపల కలుక్కుమంటాది.
డాక్టరిచ్చిన బెల్టు సాగిపాయ.
తోలుతో ఒక పట్టా చేసియ్యి.
చూసేదానికీ బాగుండాల మల్ల" అని
ఫోన్లో ఎవురో సినిమా పిల్లోని చెయ్యి చూపించినాడు.

నాకు పాదం కొలత తెలుసు.
కాగితం మీద నిలబెట్టి
చుట్టూ పెన్సిలు తిప్పితే చాలు.
చేతికి ఏం చేయాల?
దారం చుట్టినా.
దారం కింద నాడి కొట్టుకుంటాంది.
ఇన్నేండ్లలో ఏ కొలతా
నా వేళ్ల కింద ఇట్ల ఎగరలేదు.

కొక్కెం గీతలు, పత్తి నూగు,
పచ్చబొట్టులో సగం చెరిగిన పేరొకటి.
అది ఎవురిదని నేను అడగలేదు.

మా నాయన కాలంలో
లందలో తంగేడు చెక్క నానేది.
ఊరు ముక్కు మూసుకొని మా వీధి దాటేది.
ఇప్పుడు తోలు మద్రాసు నుంచి చుట్టలుగా వస్తాది,
వాసన లేకుండా.

దున్నపోతు తోలు, నాలుగేళ్ల వెడల్పు.
రంపెతో కోసి, గాజుపెంకుతో అంచులు గీకి,
తడిపి, గోలీసోడా సీసాకు చుట్టి కట్టి
ఒక రాత్రి వదిలేసినా, వంపు నేర్చుకోనీ అని.
లోపల మెత్తగా మేకతోలు.

చెప్పు కుట్టు మట్టిలోకి పోతాది, ఎవురు చూస్తారు?
ఇది వాని కండ్ల ముందరే ఉంటాది
అన్నం కలిపేటప్పుడు, బీడీ ముట్టించేటప్పుడు.
ఒక కుట్టు వంకరపోయింది.
విప్పి మళ్లా వేసినా.
"ఏ పెండ్లికొడుక్కి కంకణం?" అని
మా లక్ష్మక్క నవ్వింది.

మూడు బొక్కలు పొడిచినా.
ఒకటి ఇప్పటికి.
ఒకటి చెయ్యి వాచిన దినానికి.
"మూడోది ఇంత లోపలికి ఎందుకన్నా?"
"ఉండనీలే" అన్నా.
పత్తి సీజను అయిపోయినంక
హమాలీ చేతులు ఎంత అవుతాయో
నాకు తెలియదా.

బిగించుకొని
పిడికిలి పట్టి, తెరిచి, మళ్లా పట్టినాడు.
నూటయాభై అంటే నూటిరవై ఇచ్చినాడు,
అయితే చేతిలో పెట్టినాడు.

మిగిలిన ముక్క
మధ్యాన్నం ఒక టీచరమ్మ చెప్పు మడమకు సరిపోయింది.
టకటకమని ఆమె బస్టాండు దిక్కు.
లోపల యార్డులో "హైస్సా" అని ఎవురో.

ఆరె మొన నెత్తి నూనెకు రాసుకొని
తర్వాతి కాలికి
చెయ్యి చాపినా.