భంగిమ

ఆర్డరు ఫారంలో మూడో గడి దగ్గర
నా పెన్ను ఆగింది.
జీవి పేరు: రాబందు. మగది, కోసి చెప్పాడు పశువుల డాక్టరు.
దొరికిన చోటు: సిరొంచ దాటాక, అంకిస రోడ్డు పక్కన,
కరెంటు తీగ కింద.
భంగిమ:

చచ్చి పదమూడో రోజు.
చేపల రఫీక్ ఐసు పెట్టెలో
బొచ్చెల కింద గోనెసంచిలో ఉంది పక్షి.
పంచనామా మరాఠీలో,
నాగపూర్ అనుమతి ఇంగ్లీషులో,
హెడ్మాస్టరు గొణుగుడు మాత్రం తెలుగులో:
"ఎనబై వేలు పోసి గద్దను చేయించుకుంటరా ఎవరన్నా?"

ముంబై నుంచి రోజూ ఫోన్ చేస్తాడు పేడ్నేకర్.
తోలు ఉప్పులో పడేదాకా
నిద్రపట్టని మనిషి.
మాంసం మిగలదు సార్, అంటాడు,
ఎముకలు కూడా ముక్కు దగ్గర, కాళ్ళ దగ్గర, రెక్కల దగ్గరే.
తక్కినదంతా తీగ, పీచు, నా అంచనా.
బతికుండగా ఎలా కూర్చునేదో
చూసినవాళ్ళున్నారా మీ ఊళ్ళో?
ఫొటో పంపకండి. ఫొటోలో బరువుండదు.

నేను చూడలేదు.
బల్లార్షా రైల్వే క్వార్టర్లలో పెరిగినవాణ్ణి.
ఇరవై ఏళ్ళుగా ఆహార గొలుసు పాఠంలో
చాక్‌పీసుతో రాబందును గీస్తున్నాను,
ప్రతిసారీ సీమకోడిలా వస్తుంది.
పశువుల నొప్పి సూదికి
మందలు మందలు రాలిపోయాక
పుట్టినవాళ్ళు నా పిల్లలు.

"మా తాతనడుగుండ్రి సార్," అంది పదో తరగతి సునంద.

దుర్గం పోశం. డెబ్బై తొమ్మిదేళ్ళు.
తోలు పని మానేసి ముప్పై ఏళ్ళు.
రఫీక్ మూత ఎత్తితే వంగి,
మెడ చుట్టూ తెల్ల ఊలును వేలితో దువ్వి
"గిదా," అన్నాడు.
"గింత తేలికయ్యిందా."

హెడ్మాస్టరుకు రెక్కలు చాపి ఉండాలి.
ఏడడుగుల అద్దాల బీరువా
వడ్లాయనకు అప్పుడే చెప్పేశాడు.
పోశం తల అడ్డంగా ఊపాడు.
"రెక్కలు సాపుడు ఎండకు ఆరబెట్టుకునేటప్పుడే.
మిగిలిన పొద్దంతా కూసునుడే.
గొడ్డును నేను ఒలిసేదాక
గట్టు మీద, బుజాలు మీదికి, మెడ లోపటికి.
నా కత్తి దిక్కు సూసేటియి, నా దిక్కు కాదు.
తోలు సుట్టుకొని నేను లేస్తెనే దిగేటియి.
ఒక్కనాడు తొందరపడలె.
మేము గూడ గట్లనే కూసుండేటోళ్ళం సారూ,
పటేలింట్ల పెండ్లినాడు,
ఆఖరి ఇస్తరాకు లేసేదాక."

ఐసు కరుగుతోంది, అన్నాడు రఫీక్.
మూత వేశాడు.

ఆ రాత్రి ఫోను పోశం చేతికిచ్చాను.
అవతలాయనకు తెలుగు రాదు,
ఈయన మరాఠీ సంతలో నేర్చింది.
పటిక ఎంత, ఉప్పు ఎంత,
పెదవి దగ్గర తోలు ఎందుకు చినుగుతుంది,
గంటసేపు.
ఒకచోట ఇద్దరూ పగలబడి నవ్వారు.
దేనికో నాకు అందలేదు.

కన్ను సంగతి చివర్లో వచ్చింది.
గాజుకళ్ళ పట్టీలో పదకొండు గోధుమ రంగులున్నాయట,
నంబరు చెప్పమన్నాడు.
పోశం చాలాసేపు మాట్లాడలేదు.
"తంగెడు సెక్క నానబెట్టిన
మూడో నీళ్ళ రంగు."
ఆ నంబరు లేదు, అన్నాడు పేడ్నేకర్,
నమూనా పంపండి, నేనే రంగు వేస్తాను.

తెల్లారి సునంద చెక్క కొట్టుకొచ్చింది.
ముప్పై ఏళ్ళ తర్వాత కుండలో నానబెట్టాడు.
మొదటి నీళ్ళు పారబోశాడు, రెండోవీ.
మూడోవి దగ్గుమందు సీసాలో పోసి
బిరడా బిగించి, వెలుతురుకు ఎత్తి,
ఒక కన్ను మూసి చూశాడు.
పక్షితో పాటు ఐసులో వెళ్ళింది సీసా.

మూడో గడిలో రాశాను:
కూర్చుని. భుజాలు పైకి, మెడ లోపలికి.
చూపు కత్తి వైపు.

పక్షి రావడానికి నాలుగు నెలలట.
బీరువా వచ్చేసింది, ఏడడుగులూ.
పిల్లలు అందులో చెప్పులు పెట్టి క్లాసులోకి వస్తున్నారు.
హెడ్మాస్టరు అరుస్తాడు.
నేను ఇంకా తాళం కొనలేదు.