మూడో ఊపు

బానెట్టు మూల మీద రెండు చేతులూ ఆనించి
పిండి రుబ్బే మనిషిలా ఒంగి
ఒక్క నొక్కు నొక్కి వదిలేశాడు ఉచ్ఛబ్ బెహరా.
బండి లేచింది. కూచుంది. మళ్ళీ లేచింది.
కూచుని, ఇంకోసారి, సన్నగా,
అలవాటు కొద్దీ లేచింది.
"మూడు," అన్నాడు వేళ్ళు చూపించి.
"ఒకటుండాలి బాబూ. రెండైతే ముసలి. మూడైతే ఊయల."

పర్లాకిమిడిలో మా వ్యాగనార్ని ఎరగనివాళ్ళు తక్కువ.
పదకొండేళ్ళ తెల్లబండి, పాల డబ్బాలా నిటారుగా ఉంటుంది,
మలుపు రాగానే
పక్కవాడి చెవిలో ఏదో చెప్పబోయినట్టు వాలిపోతుంది.
ఉదయగిరి ఘాట్‌లో ఏడో మలుపు దగ్గర
మా లిపికి వాంతి.
చేతిలో నిమ్మకాయ ఉన్నా, లేకపోయినా.
ఆ మలుపుకి మా ఇంట్లో అదే పేరు.

నాది కొమ్ము పని.
గేదె కొమ్ముని సెగకి పెట్టి, లొంగే వేళ చూసి
కొంగ మెడ వంచుతాను.
సెగ తక్కువైతే విరుగుతుంది,
ఎక్కువైతే వాలిపోయి మరి లేవదు.
అందుకే కారు కిందికి దూరి చూసినప్పుడు
ఎవరూ నాకు చెప్పక్కర్లేకపోయింది:
నూనె కారి దుమ్ము పట్టిన షాకబ్జార్బర్లు,
ఎండు ఉసిరికాయల్లా పగిలిన రబ్బరు బుష్షులు,
వెనక స్ప్రింగుల్లో ఎడమది
జీవితమంతా కావిడి మోసిన భుజంలా కుంగి ఉంది.
మా వదిన అప్పలనరసమ్మ ఎప్పుడూ కూచునే పక్క.
ఈ మాట ఇంట్లో అనలేదు.

పద్దెనిమిది వేలు.
ముప్ఫై జతల కొంగలు, అని లెక్కేసుకున్నాను.
చామంతి వేరే లెక్కేదో వేసింది, పైకి చెప్పలేదు,
మంచినీళ్ళ గ్లాసు మాత్రం గట్టిగా పెట్టింది.

స్ప్రింగులు బరంపురం నుంచి బస్సు మీద వచ్చాయి,
గోనెపట్టాలో, కోళ్ళబుట్ట పక్కన.
కొత్తదాన్ని నొక్కి బిగిస్తూ ఉచ్ఛబ్
ఒడియాలో ఒక్క అరుపు అరిచాడు.
జారిందంటే దవడ ఉండదని.
కొన్ని మాటలకి అర్థం అడగక్కర్లేదు,
నేను అప్పటికే గుమ్మం అవతల ఉన్నాను.

చక్రాల వరస తీసే మిషను మా ఊళ్ళో లేదు.
పాతపట్నం దాటి టెక్కలి వెళ్ళాలి.
ఒడిశాలో లేచి నిలబడ్డ బండి
ఆంధ్రాలో తిన్నగా నడవడం నేర్చింది.
"మా ఊరొస్తే గాని తిన్నబడ్డాది కాదు,"
అని టెక్కలి ఆడపడుచు చామంతి
వారం రోజుల్లో మొదటిసారి నవ్వింది.

ఆదివారం ఘాట్.
మొదటి గుంటకే వదిన, "ఓలమ్మో!
మెత్తటి బండిని బండరాయి సేసినావు మరిదీ,
దారిలో గులకరాళ్ళన్నీ నా నడుముకి లెక్కజెప్తన్నాది."
నిజమే. స్టీరింగులోకి రోడ్డు వచ్చేసింది.
ఎక్కడ తారు చచ్చిందో, ఎక్కడ వాన కోసేసిందో
వేళ్ళకి తెలుస్తోంది,
ఆకురాయి కింద కొమ్ము పొర తెలిసినట్టు.

నాలుగు. అయిదు. ఆరు.
ఎవరూ మాట్లాడలేదు.
ఏడో మలుపులో బండి వాలలేదు,
నిండు బిందె నెత్తినున్న మనిషిలా
నడుం కదలకుండా తిరిగింది.
డాష్‌బోర్డు మీది నిమ్మకాయ మాత్రం
ఈ చివర నుంచి ఆ చివరికి దొర్లిపోయింది.
మలుపు మలుపే. దానికి స్ప్రింగులు వెయ్యలేం.
లిపి చెయ్యి చాచి కాయని పట్టుకుంది,
గోరుతో గిల్లి, వాసన చూసి,
"మన వాంతి మలుపు ఇంకా రాలేదా?" అంది.
వెనక ఉంది, అన్నాను.
అద్దంలోంచి తల బయటపెట్టి చూసింది,
ఎవరినో దారిలో దింపేసి వచ్చినట్టు.

"పాత స్ప్రింగులేటి సేసినావు?" వదిన.
"పనిపాకలో ఉన్నాయి."
"ఒకటి నా పీట కిందెట్టు."