కేసింగ్

బోరుబండికి లెక్కలు రాసినోణ్ణి, ఆరేండ్లు.
తిరుచెంగోడు నుంచి దిగిన బండి,
దాని వెనక పైపుల లారీ,
లారీ ముందుసీట్లో ఒళ్ళో లాప్‌టాప్ పెట్టుకోని నేను.
ఏ ఊరు, ఏ సర్వే నంబరు, ఎన్నడుగులు,
ఎక్కడ తేమ, ఎక్కడ నల్లరాయి,
నీళ్ళు ఎన్ని అంగుళాలు.
చివరి గడి పేరు 'ఇతరములు'.

ఆ లాప్‌టాప్ తెర చచ్చి పదేండ్లు.
మరలు విప్పితే
పేకల కట్టంత ఇనుము బయటపడింది.
అంచుల్లో రాతిపిండి, ఇంకా తెల్లగానే.

సుగుణమ్మ అడిగింది గనక విప్పినా.
"మా ఆయన వేయించిన గుంత
ఎంత లోతుకు పొయిందో చూసి చెప్పబ్బయా.
రాయి అడ్డమొచ్చిందన్నాడు అప్పుడు.
ఇప్పటి బండ్లు రాయిని గూడా తింటాయంట గదా."

చిత్తూరు చర్చి వీధిలో జిలానీ అంగడి.
"దీనికి కేసింగ్ కావాల" అన్నా.
అని, నాకే నవ్వొచ్చింది.
ఎన్ని చేలల్లో అన్నానో ఆ మాట.
మన్నున్నంత వరకు ఏడంగుళాల పైపు,
రాయి తగిలినాక ఆరున్నర గుంత.
పైపు పొట్టిదైతే మన్ను కూలి
రాత్రికి రాత్రి పూడిపోతాది,
రైతు పొద్దున్నే వచ్చి
గుంతలోకి గులకరాయి వేసి చెవి పెడతాడు.

జిలానీ మూడొందల యాభైది తెచ్చినాడు.
దూరలేదు.
దాని నోట్లో రెండు చదును నాలుకలు,
నాదానికి బారుగా సూదులు.
"రెండున్నర అంగుళాలే గదప్పా రెండూ?"
"కొలత ఒకటే సార్. నోరు వేరే.
తొయ్యొద్దు, వంగుతాయి."
కళ్ళద్దాలు పైకెత్తి లెక్కబెట్టినా.
నలభైమూడు. నడాన ఒకటి లేదు.
"విరిగిపొయినట్టుంది."
"విరగలా. కంపెనీవాళ్ళే వదిలేసినారు.
ఆ ఖాళీ ఉంటేనే
ఎటు తిప్పి పెట్టాలో తెలిసేది."

వాళ్ళ మామ అంగడి తిరుపతిలో, లీలామహల్ దగ్గర.
బస్సులో జేబులోనే పెట్టుకున్నా దాన్ని,
మొలకట్టిన గింజల్ని తీసకపోతున్నట్టు
పైన అరచెయ్యి మూసి.
పెద్దాయన బల్ల కింద దూరి
పాత చార్జర్లు, కీబోర్డులు బయటికి విసిరి విసిరి
చివరికి ఒక అల్యూమినియం డబ్బీ ఊదినాడు.
లోపల రెండు వరసల బొక్కలు,
నడాన ఒకటి పూడ్చుండాది.
ఎప్పుడో రెండువేల ఐదులో చేసిన డబ్బీ,
ఈ సూదుల కోసరం
ఇన్నేండ్లు బల్ల కింద కాచుకోనుండాది.
నూట ఇరవై ఇమ్మన్నాడు. నూటయాభై ఇచ్చినా.

తీగకు రెండు తోకలు.
ఒకదాన్నే గుచ్చితే
ఒక ఫేజు పొయిన మోటరు మాదిరి
టిక్కు టిక్కుమని మూలిగి పడుకునింది.
"రెండోది గూడా పెట్టు సామీ, కరెంటు చాల్లేదు."
పెట్టినా.
సన్నగా, చాలా లోతులో నుంచి,
తిరగడం మొదలుపెట్టింది.

మే నెల, రెండువేల ఆరు.
చింతలగుంట. గంగులప్ప.
నాన్నూట పది, తేమ.
నాన్నూట ముప్పై, ఆపినాం.
ఇతరములు:
రాయి లేదు. డబ్బు అయిపొయిందన్నాడు.
ఇంటికాడ అడిగితే రాయి అని చెప్పమన్నాడు.

నేనే కొట్టిన అక్షరాలు.
ఆ మనిషి మొహం ఎంత తలుచుకున్నా రాలేదు.

అంగడి మెట్లు దిగి ఫోను చేసినా.
"నాన్నూట ముప్పై అమ్మా."
"రాయేనా?"
ఆటో ఒకటి అడ్డమొచ్చి ఆగి, పొయింది.
"మెత్తగానే ఉంది కింద. దించొచ్చు."

అవతల పాల క్యాన్లు దించుతున్న చప్పుడు.
"ఆ పొద్దు నా కమ్మలు చెవుల్లోనే ఉండె.
చూసినాడు. అడగలా."
మళ్ళా క్యాన్ల చప్పుడు.
"సరేగానీ అబ్బయా,
పాత కేసింగే సరిపోతాదా,
కొత్తది కొనాల్నా?"