ఇతర వివరాలు

విత్తనాల కొట్టు ఖాళీ అయ్యాక ఆ గదిలో దిగాం.
ఇప్పటికీ వాన పడితే గోడలు
పొద్దుతిరుగుడు వాసన వేస్తాయి.
ఆర్డెన్ ట్వైట్ కోడ్ రాసేవాడు, నేను ఫోన్ ఎత్తేదాన్ని,
ఇరవై ఆరేళ్లు.
నార్త్ డకోటాలో అరవై ఒక్క ఊళ్ల నీటి బిల్లులు,
కుక్కల లైసెన్సులు, మంచు తోసే బండ్ల డీజిలు ఖర్చు,
శ్మశానంలో ఎవరి పక్కన ఎవరు
అన్నీ మా సర్వర్లోనే.
సర్వరంటే ఏముంది,
బీరువా పక్కన గుర్రుపెట్టే ఒక పెట్టె.

కొనేవాళ్లు ఫిబ్రవరిలో వచ్చారు.
బయట సున్నాకి ఇరవై డిగ్రీలు కింద,
గ్రాంట్ ఓస్లర్ కాళ్లకి పల్చటి తోలు బూట్లు.
మాది నలభై మూడోదట.
ఆస్తి పన్ను వాళ్లనీ, పార్కింగ్ చీటీల వాళ్లనీ,
లైబ్రరీ జరిమానాలు లెక్కగట్టే అన్నదమ్ములనీ
ముందే కొనేశారట.
"మేం కొన్నది మళ్లీ అమ్మం, ఎప్పటికీ" అన్నాడు.
ఆ మాట నాకు పాతదే.
మా శ్మశానం పట్టీలో ఆరో గడి:
హక్కు, శాశ్వతం.

ఆర్డెన్ నవ్వలేదు. కాఫీ పోశాడు.
అరవై తొమ్మిదేళ్లు, రెండు కళ్లలోనూ శుక్లాలు,
ఆ కోడ్ చదవగలిగే రెండో మనిషి ఈ కౌంటీలో లేడు.
ధరెంతో నేనడగలేదు.
సంతకాలయ్యాక బయట
కారు అద్దం మీద మంచు గీకుతూ నిలబడ్డాడు,
అద్దం తేటపడి చాలాసేపయినా
గీకుతూనే ఉన్నాడు.

తర్వాత కలపడం మొదలైంది.
నలభై మూడు కంపెనీలు, ఒకే తెర, ఒకే నీలిరంగు,
కలిపికొట్టరా కావేటిరంగా.
మా గడులన్నీ వాళ్ల గడుల్లో ఒదిగాయి,
ఒక్కటి తప్ప.

ఇతర వివరాలు.
దానికి ఆర్డెన్ హద్దు పెట్టలేదు,
ఊరి గుమస్తాలు ఏం రాసుకుంటారో రాసుకోనీ అన్నాడు.
రాసుకున్నారు.
"మార్చిలో ఈయన భార్య పోయింది.
పంట ఇంటికొచ్చేదాకా ఎర్ర నోటీసు పంపకండి."
"కుక్క చచ్చిపోయింది. లైసెన్సు మాటెత్తితే ఏడుస్తుంది."
"మీటరు చూడాలంటే వెనక గుమ్మం.
ముందు గుమ్మంలో తమ్ముడు కూర్చుంటాడు, కొత్తవాళ్లంటే బెదురు."
"బాకీ పద్నాలుగు డాలర్లు నేను కట్టాను. ఆవిడకి చెప్పొద్దు. వి."

వి అంటే వెర్నా క్రాబెన్‌హాఫ్ట్.
మూడు వందల పన్నెండు మంది ఊరికి
ఆమే గుమస్తా, ఆమే ఖజానా,
మంగళవారాలు ఆమే లైబ్రరీ.

కొత్త తెరలో ఆ గడికి నలభై అక్షరాలు.
మిగతాది యంత్రమే కోసేసుకుంటుంది.
ఓస్లర్ చెడ్డవాడు కాడు, అది చెప్పాలి.
నా జీతం పెంచాడు,
గోడ మీద ఆర్డెన్ ఫొటో తియ్యొద్దన్నాడు.
"నలభై చాలవా?" అని
నిజంగానే తెలియక అడిగాడు.

తొమ్మిది రాత్రులు కూర్చుని కుదించాను.
భార్య పోయింది. ఆగండి.
కుక్క లేదు. అడగొద్దు.
వెనక గుమ్మం.
వెర్నాది మాత్రం ఎటు తిప్పినా కుదరక
చివరికి ఒక్క మాట మిగిలింది:
చెప్పొద్దు.
ఏం చెప్పొద్దో, ఎవరికి చెప్పొద్దో
రేపు చదివేవాడికి ఎలా తెలుస్తుంది?

ఏప్రిల్‌లో ఆమె ఫోను.
నీళ్లకైతే ఒకటి, పన్నుకైతే రెండు,
అన్ని అంకెలూ నొక్కుకుంటూ
ఎక్కడో వేరే ఊరు తిరిగి నా బల్ల మీదికే వచ్చింది.
"నువ్వేనా?"
"నేనే."
"గడి నిండిందంటోంది."
"అవును వెర్నా."
కాసేపు మాటల్లేవు, ఆమె వైపు ధాన్యం రైలు పోతోంది,
పెట్టె తర్వాత పెట్టె, తెగదు.
"అయితే నేను చెప్తాను, నువ్వు రాసుకో" అంది.

బీరువాలో విత్తనాల కొట్టు పాత ఖాతా పుస్తకం ఉంది.
వెనక పేజీలు ఇంకా తెల్లగానే ఉన్నాయి.
పెన్సిలు చెక్కుతుంటే అడిగింది,
"రాస్తున్నావా?
మూడో వీధి, ఆకుపచ్చ ఇల్లు.
ఆవిడకి వినబడదు.
కిటికీ తట్టాలి."