బెల్లులో మన్ను

లాడ్జి సెంటర్లో టీ గ్లాసులు కడిగే చప్పుడు తప్ప
గుంటూరు ఇంకా లేవలేదు.
నేను ముందు, బాజీ వెనక.
పేరేచర్ల దాటాక తారు మమ్మల్ని వదిలేసింది.

డొంక.
రాత్రి వాన తాగిన నల్లరేగడి
టైరు పట్టుకుని బతిమాలుతోంది, కాసేపు ఉండమని.
పది గజాలకోసారి దిగి
కందిపుల్లతో మడ్గార్డు గీకాను.
ఆఖరికి సైకిలే నన్నెక్కింది:
భుజం మీద పదమూడు కిలోలు,
బూట్ల కింద మరో నాలుగు.

పత్తిచేలో ఒకామె నడుమెత్తి చూసింది.
"బండి కొనుక్కోలేకపోయారా నాయనా?"
దీని ధరకి పాత బండ్లు రెండొస్తాయని చెప్పలేక
బాజీ దగ్గాడు.
ఆమె జాలిపడి మా సీసాలు నింపింది.

కొండవీడు మబ్బు కప్పుకుని అక్కడే ఉంది,
ఎంత తొక్కినా అంతే దూరం.
రాళ్లబాటలో పళ్లు టకటకలాడి
మాటలు ముక్కలై రాలాయి.
సీతాఫలం పొదలోంచి కౌజు లేచింది,
నేను పడ్డాను.
మోకాలికి నెత్తురు, బాజీకి నవ్వు.

ఫిరంగిపురంలో బాలశౌరి
ట్యూబు బకెట్లో ముంచి, బుడగని వేలితో నొక్కి
"తుమ్మముల్లు" అన్నాడు,
చుట్టం పేరు చెప్పినట్టు.
డబ్బులొద్దన్నాడు.
లుంగీ ఎగ్గట్టి, అరవయ్యేళ్ల కాళ్లతో
చర్చి చుట్టూ రెండు రౌండ్లు కొట్టొచ్చి
"మెత్తగుంది" అన్నాడు.
అంతే.

రాత్రి వాకిట్లో పైపు పట్టాను.
చువ్వల్లోంచి గడ్డి, దూది,
ఒక సీతాఫలం గింజ.
బెల్లు మాత్రం మోగలేదు.
నొక్కితే
నోట్లో ముద్ద పెట్టుకుని పలికినట్టు
"గుడుక్" అంటోంది.

విప్పి కడగాలి.
రేపెప్పుడో.