పదకొండో గొలుసు

కాలవలు కట్టేసిన నెలలో
లేసు ఏజెంటు సంచీ అడుగున
చుట్టుకుని పడుకుని వచ్చింది,
అందుకే చేగోడీ అన్నాను.
మా రేకుల వసారాలో
దారపు ఉండలన్నీ తనవే అనుకుంది.

"ఆయ్, ఓ బెత్తం చూరులో దోపండి,
దండం దశగుణం" అన్నాడు పడవ అబ్బులు.
ఆ మాట అంటున్నప్పుడు
అతని అరచెయ్యి తనంతట తనే
చంకలోకి పోవడం చూశాను.

నా తొమ్మిదో ఏట మా పెద్దమ్మ చంద్రకాంతం
లేసు అల్లడం నేర్పింది.
గొలుసు లెక్క తప్పితే
సూది వెనక్కి తిప్పి కణుపుల మీద కొట్టేది.
పని వచ్చింది, కాదనను.
నరసాపురంలో నా అంచుకి పేరుంది.
కానీ పదకొండో గొలుసు దగ్గర
ఈ రోజుకీ నా వేళ్ళు ఒక్కసారి ముడుచుకుని
ఆ తర్వాతే కదుల్తాయి.

చేగోడీకి బెత్తం లేదు. ఎండు నెత్తళ్ళున్నాయి.
ఒక్కోటి మూడు ముక్కలు చేసి
కొంగున కట్టుకు తిరిగేదాన్ని.
ఇల్లంతా చేపల సంత కంపు.
"కూచో" అన్నాక
పిర్ర నేలకి తగిలీ తగలగానే ముక్క.
కాస్త ఆలస్యమైతే
ఆ ముక్క దేనికో దానికి తెలీదు.
నిద్ర లేవగానే గట్టు మీదికి,
తిన్నాక గట్టు మీదికి,
కాలవకి నీళ్ళొదిలాక, వానలో,
గోనెపట్టా కప్పుకుని గట్టు మీదికి.
గుర్రపుడెక్క పక్కన అది కూలబడి పోస్తే
నేను చప్పట్లు కొట్టేదాన్ని.
బల్లకట్టు మీదివాళ్ళు నన్ను చూసి నవ్వేవాళ్ళు.
వేలు కొరికితే "అబ్బా" అని
గోడకేసి తిరిగి కూచునేదాన్ని.
ఆట ఆగిపోవడం కన్నా
దానికి పెద్ద కష్టం లేదు.

ఇదంతా సుళువని చెప్పను.
శనివారం ఇవ్వాల్సిన బల్లగుడ్డ,
నలభై రోజుల నా కళ్ళు అందులో,
దాని నడిమధ్యన
పోసేసింది.
నా చెయ్యి లేచింది.
పెద్దమ్మ చెయ్యే అది, అదే ఎత్తు.

చేగోడీ తలెత్తి చూసింది.
తోక ఊపింది.
చేతిలో చేపముక్క ఉందనుకుంది.
పిర్ర నేలకానించి
బుద్ధిగా కూచుంది.

లేచిన చేతిని ఏం చెయ్యాలో తెలీక
దండెం మీది తువ్వాలు లాగి
నేల తుడిచాను.
గుడ్డని కుంకుడు రసంలో నానేశాను.
మరక పోయింది, ఓ పువ్వు దగ్గర తప్ప.
ఏజెంటు రెండొందలు కోసుకున్నాడు,
తను తెచ్చిన కుక్కే అని గుర్తుచేసినా.

ఇప్పుడు సత్యవేణి కూతురు సాయంత్రాలు
అల్లిక నేర్చుకోడానికి వస్తోంది.
నిన్న లెక్క తప్పింది.
తప్పగానే వేళ్ళు పరికిణీలో దాచుకుంది.
నేనింకా ఏమీ అననేలేదు.
ఎవరు నేర్పారో ఆ దాచుకోవడం.

"విప్పేద్దాం అమ్మా" అన్నాను,
"దారానికేం నొప్పి పుట్టదు."

ఇద్దరం విప్పుతుంటే
మంచం కింద, మిగిలిన ఉండతో, చేగోడీ.
పిలిచాను. రాలేదు.
మళ్ళీ పిలిచాను.
కొంగు ముడి విప్పాను.
వచ్చింది.